హెర్మన్స్ హెడ్‌లో తల లోపలి నలుగురూ కథకి బలమా, బరువా?

పాతటీవీపిచ్చి
ఫ్రెండ్‌తో వారం నుంచీ ఇదే గొడవ, అందుకే ఇక్కడ అడుగుతున్నా. తెలియనివాళ్ళ కోసం, హెర్మన్స్ హెడ్ అనేది అమెరికాలో ఫాక్స్ ఛానెల్‌లో 1991 సెప్టెంబర్ నుంచి 1994 ఏప్రిల్ దాకా వచ్చిన సిట్‌కామ్, 3 సీజన్లు, 72 ఎపిసోడ్లు. హీరో హెర్మన్ బ్రూక్స్ న్యూయార్క్‌లో పత్రికలేసే కంపెనీలో ఫ్యాక్ట్ చెకర్, మనసులో మాత్రం రచయిత అవ్వాలని ఉంటుంది. అతని తలలో నలుగురుంటారు. జీనియస్ అంటే తెలివి, ఏంజెల్ అంటే సున్నితత్వం, వింప్ అంటే భయం, యానిమల్ అంటే కోరిక. హెర్మన్ ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే చాలు, వీళ్ళు నలుగురూ కీచులాడుకుంటారు.

నేననేది ఆ నలుగురూ అడ్డం అని. హెర్మన్‌గా వేసిన విలియమ్ రాగ్స్‌డేల్ మొహంలోనే అంతా కనిపిస్తుంటే, దాన్నే మళ్ళీ నలుగురు నోటితో చెప్పడం ఎందుకు? ఆఫీసులో హాంక్ అజారియా, యార్డ్లీ స్మిత్ ఉన్నారు, ఇద్దరూ అప్పటికే సింప్సన్స్ అనే కార్టూన్ సీరియల్‌లో గొంతులిస్తున్నవాళ్ళు. అంతటి వాళ్ళని పెట్టుకుని సీన్ మధ్యలో కట్ చేసి తలలోకి వెళ్తే ఊపు పోతుంది.

రాతబల్ల
నేను ఒప్పుకోనండీ. మీరు హెర్మన్ ఉద్యోగాన్ని పక్కన పెట్టేశారు, అసలు విషయమంతా అక్కడే ఉంది.

ఫ్యాక్ట్ చెకర్ ఏం చేస్తాడో ఒకసారి చూడండి. వేరేవాళ్ళు రాసిన వ్యాసం ప్రింటు ముందు పెట్టుకుని పేరు, వయసు, తేదీ, ఊరు, అన్నీ ఫోన్లు చేసి కనుక్కుని, సరిపోయిన మాట మీదల్లా పెన్సిల్‌తో గీత కొట్టుకుంటూ పోతాడు. రాసినవాడి పేరు పైన పడుతుంది, సరిచూసినవాడి పేరు మామూలుగా ఎక్కడా ఉండదు. అలా పొద్దంతా తప్పులు వెతికి వెతికి ఇంటికొచ్చి సొంతంగా ఒక్క వాక్యం మొదలుపెడితే ఆ కన్నే దాని మీద కూడా పడుతుంది, ఇది నిజమేనా, ఇది ముందే ఎవరైనా రాసేశారా అని. నేను ఆరేళ్ళు ప్రూఫులు దిద్దాను కాబట్టి చెప్తున్నా. నా కథ మొదటి పేరా పదకొండుసార్లు రాశాను, రెండో పేరా ఇంతవరకూ లేదు. రాయాలని కూర్చున్నప్పుడు లోపల ఒక గొంతు ఉండదు, జీనియస్ ఇది పాతదే అంటాడు, వింప్ నవ్వుతారేమో అంటాడు, ఏంజెల్ నిజం రాస్తే అమ్మ బాధపడుతుందేమో అంటుంది, యానిమల్ లేచి పడుకో అంటాడు. ఇదంతా ఒక్క నటుడి మొహం మీద ఎలా చూపిస్తారు చెప్పండి? ఆ నలుగుర్నీ తీసేస్తే హెర్మన్ ఉత్త బద్ధకస్తుడిలా కనబడతాడు.

సినిమాపురుగు
ఇన్‌సైడ్ ఔట్ యానిమేషన్ సినిమా వాళ్ళు 2015లో ఇక్కడినుంచే ఎత్తేశారు కదా, అంటే ఐడియాలో బలం ఉన్నట్టేగా.

రాతబల్ల
ఎత్తేశారని అనలేం బ్రో. 1943లోనే డిస్నీ వాళ్ళు రీజన్ అండ్ ఎమోషన్ అని చిన్న కార్టూన్ తీశారు, అందులో తలలో కూర్చుని స్టీరింగ్ కోసం కొట్టుకునేది వివేకం, ఆవేశం. ఐడియా ఎప్పట్నుంచో ఉన్నదే. పైగా ఇన్‌సైడ్ ఔట్‌లో ఉన్నవి ఐదూ భావోద్వేగాలే, అక్కడ జీనియస్ లాంటివాడు లేడు. రాసేవాడిని అందరికంటే ఎక్కువ ఆపేది ఆ తెలివే కాబట్టి నాకు ఈ తేడా పెద్దదే.

పాతటీవీపిచ్చి
ఉద్యోగం గురించి మీరు చెప్పింది బాగుంది, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. కానీ సీరియల్ నిజంగా మీరు చెప్పినంత పని చేసిందా? నలుగురూ కూర్చుని తేల్చేది ఎక్కువసార్లు అమ్మాయిల సంగతే, హెర్మన్ రాత గురించి కాదు. యానిమల్‌కి అన్ని డైలాగులు ఇచ్చి, రాసే బల్ల దగ్గరికి కథని ఎన్నిసార్లు తీసుకెళ్ళారు?

రాతబల్ల
అది నిజమే, కాదనను, నాకూ అదే బాధ. అంత మంచి ఏర్పాటు చేతిలో పెట్టుకుని డేటింగ్ మీద ఖర్చు పెట్టేశారు. కానీ తప్పు వాడిన తీరుది, ఆ నలుగురిది కాదు. మీరు ఇంకోసారి చూస్తే వింప్‌ని మాత్రమే గమనించండి, హెర్మన్ తన పని గురించి గానీ రాత గురించి గానీ నోరు తెరిచేముందు వాడేం చేస్తాడో చూడండి.

పాతటీవీపిచ్చి
సరే, మొదటి ఎపిసోడ్ నుంచి వింప్ మీదే కన్నేసి చూస్తా. యానిమల్ విషయంలో మాత్రం నా మాట మారదు.