ఈటింగ్ డిజార్డర్ కొత్త కోడ్స్‌లో సివియారిటీ ఎలా వేస్తున్నారు?

హాయ్ అండి, హైదరాబాద్‌లో యూఎస్ క్లయింట్‌కి బిహేవియరల్ హెల్త్ (మానసిక ఆరోగ్యం) చార్ట్స్‌కి ఐసీడీ-10-సీఎమ్ (యూఎస్‌లో వాడే జబ్బుల కోడ్స్) వేస్తుంటాను, ఈ స్పెషాలిటీకి కొత్త. బులీమియాకి (అతిగా తిని, తర్వాత కక్కేయడం లాంటివి చేసే జబ్బు) అలవాటులో పాత ఎఫ్50.2 వేసేశా, ఇన్‌వాలిడ్ అని తిరిగొచ్చింది. 2024 అక్టోబర్ 1 నుంచి అది ఎఫ్50.20 నుంచి 25 దాకా విడిపోయిందని అప్పుడు తెలిసింది. సరే, అది నా తప్పే.

అసలు తలనొప్పి అనొరెక్సియాతో (బరువు బాగా పడిపోయే ఈటింగ్ డిజార్డర్). రెస్ట్రిక్టింగ్ టైప్ (తిండి తగ్గించేసే రకం) కూడా ఎఫ్50.010 మైల్డ్, 011 మోడరేట్, 012 సివియర్, 013 ఎక్స్‌ట్రీమ్ అని విడగొట్టారు కదా, మా డాక్టర్ నోట్‌లో మాత్రం "అనొరెక్సియా, రెస్ట్రిక్టింగ్, బీఎంఐ 15.4" అంతే, సివియర్ అనే మాటే లేదు. డీఎస్‌ఎమ్ (మానసిక జబ్బుల నిర్ధారణ మాన్యువల్) ప్రకారం పెద్దవాళ్లలో బీఎంఐ 15 నుంచి 15.99 అంటే సివియరే, కానీ బీఎంఐ చూసి మనంతట మనం 012 వేయొచ్చా, లేక ప్రొవైడర్‌కి, అంటే ఆ డాక్టర్‌కి, క్వెరీ పెట్టాలా (రాసి అడగాలా)? మా లీడ్ ఏమో 019 అన్‌స్పెసిఫైడ్ వేసి పంపించేయ్ అంటున్నారు (టార్గెట్ గోల ఆయనది). పైగా పేషెంట్ ఇంకా చిన్నపిల్ల, పెద్దవాళ్ల బీఎంఐ లెక్క తనకి వర్తించదు కూడా, వయసుని బట్టి బీఎంఐ పర్సెంటైల్ చూడాలి.

ఇవి రెగ్యులర్‌గా చేసేవాళ్లు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్, క్వెరీలో ఏం రాస్తారో కూడా. శుక్రవారం ఆడిట్ ఉంది.