మెథోట్రెక్సేట్ ఎక్కించిన బాబు యూరిన్‌లో పసుపు సూదులు, ఏమని రాయాలి?

ప్రశ్న (ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు):
అందరికీ నమస్తే. బ్లడ్ క్యాన్సర్ ఉన్న ఏడేళ్ల బాబుకి నిన్న హై డోస్ మెథోట్రెక్సేట్ (క్యాన్సర్ మందు) ఎక్కించారట. పొద్దున వచ్చిన శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్ చేసి చూస్తే బంగారు పసుపు రంగు సన్నని సూదులు, గడ్డిమోపుల్లా కట్టలు కట్టలుగా కనిపించాయి. స్ట్రిప్‌లో పీహెచ్ 6. టైరోసిన్ (ఒక అమైనో ఆమ్లం) క్రిస్టల్స్ అని రాయబోయి ఆగిపోయాను. సోడియం హైడ్రాక్సైడ్ (క్షారం) చుక్క వేస్తే కరిగిపోయాయి. తప్పు రాస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి, రిపోర్టు తర్వాత చూద్దాం. ఆ మందు చాలావరకు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, యూరిన్ ఆమ్లంగా ఉంటే సరిగ్గా కరగక కిడ్నీ గొట్టాల్లోనే పేరుకుంటుంది, అందుకే సెలైన్‌తో పాటు బైకార్బొనేట్ ఇచ్చి పీహెచ్ 7కి తగ్గకుండా చూస్తారు. అంటే నీకు కనిపించిన 6 అనేదే వాళ్లకి అర్జెంటుగా తెలియాల్సిన మాట. ఇక క్షారంలో కరిగిందని తేల్చేయకు, టైరోసిన్ కూడా కరుగుతుంది, యూరిక్ యాసిడ్ కూడా కరుగుతుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లలోనే టైరోసిన్ ఎక్కువగా చూస్తాం, బాబు బిలిరుబిన్ (లివర్ ఎలా ఉందో చూపే రక్త పరీక్ష) ఎంతో అడుగు.

జవాబు 2:
సెప్ట్రాన్ (సల్ఫా ఉన్న యాంటీబయాటిక్) ఇస్తున్నారేమో కూడా అడగండి. లుకేమియా పిల్లలకి న్యుమోనియా రాకుండా ఇస్తుంటారు, సల్ఫా క్రిస్టల్స్ కూడా ఇలాగే కట్టలుగా కనిపిస్తాయి. పైగా అది మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది, కాబట్టి ఎలా చూసినా డాక్టరుకి పనికొచ్చే విషయమే. శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టారా? చల్లబడితే లేని క్రిస్టల్స్ కూడా పుడతాయి, కొత్త శాంపిల్ తెప్పించి వెంటనే చూడండి.

జవాబు 3:
నేను క్యాన్సర్ వార్డు నర్సుని. మేము యూరిన్ పోసిన ప్రతిసారీ పీహెచ్ చూస్తాం కానీ రాత్రి డ్యూటీలో ఒక్కోసారి తప్పిపోతుంది. ల్యాబ్ నుంచి ఇలాంటి ఫోన్ వస్తే మాకు ఎంత మేలో చెప్పలేను. దయచేసి రిపోర్టు టైపయ్యేదాకా ఆగకండి.

ప్రశ్న వేసినవారు:
ఫోన్ చేశాను. సెప్ట్రాన్ వారం క్రితమే ఆపారట, బిలిరుబిన్ నార్మల్. శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టలేదు. వెంటనే క్రియాటినిన్‌కి (కిడ్నీ పనితీరు పరీక్ష), మందు లెవెల్‌కి రక్తం తీశారు, బైకార్బొనేట్ పెంచారు. రిపోర్టులో "మెథోట్రెక్సేట్ క్రిస్టల్స్ కావచ్చు, పీహెచ్ 6, ఫోన్‌లో తెలియజేశాం" అని టైముతో సహా రాశాను. సాయంత్రం శాంపిల్‌లో పీహెచ్ 7.5 వచ్చింది, సూదులు చాలా తగ్గాయి.