శిశుగృహలో సోషల్ వర్కర్‌గా చేరుతున్నాను, ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట_అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ బడి మానేసిన పిల్లల సర్వేలు చేశాను. ఇప్పుడు గుంటూరులో దత్తత పనులు చూసే చోట సోషల్ వర్కర్‌గా ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి.

మా అమ్మకి ఇష్టం లేదు. "కన్నవాళ్ల ఉసురు తగిలే పని, నీకెందుకే" అంటోంది. నాకు చేయాలనే ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ముక్కూమొహం తెలియని వాళ్లింటికి వెళ్లి, వీళ్లు బిడ్డను పెంచగలరో లేదో తేల్చి రాయాలంటే ఇరవై ఆరేళ్లు సరిపోతాయా? ఈ హోమ్ స్టడీలో అసలు ఏం చూడాలి? ఫైల్లో ఏం రాయాలి, ఏం రాయకూడదు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

కృష్ణలంక_వాసి:
అమ్మా, పదకొండేళ్లుగా విజయవాడ చుట్టుపక్కల ఇదే పనిలో ఉన్నాను. నీ వయసు గురించి బెంగపడకు. నేను చేరినప్పుడు నాకు ఇరవై నాలుగు.

హోమ్ స్టడీ అంటే ఇల్లు చూడటం అనుకుంటారు జనం. మనం వెళ్తున్నామని గోడలకి సున్నం వేయిస్తారు, కొత్త దుప్పట్లు పరుస్తారు. సింగ్‌నగర్‌లో ఒకరింట్లో ఉయ్యాల, బొమ్మలు అన్నీ కవర్లు విప్పకుండా గదిలో పేర్చి పెట్టారు. భార్యాభర్తలిద్దరూ బ్యాంకు పాసు పుస్తకాలు, జీతం కాగితాలు, డాక్టరు సర్టిఫికెట్లు వరసగా చూపిస్తున్నారు. వంటింటి గడప దగ్గర నాయనమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు. నేను మంచినీళ్ల వంకన వంటింట్లోకి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను. పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అంది: "ఎవరి బిడ్డో, ఏ కులమో. రేపు పండక్కి మా ఆడపడుచులు వస్తే ఏం చెప్పను?"

పగలు వాళ్లిద్దరూ ఆఫీసులకి పోతే బిడ్డ ఉండేది ఆ నాయనమ్మ చేతుల్లోనే. హాల్లో కూర్చుని కాగితాలు చూసుకుని వచ్చేస్తే ఆ ముక్క నాకు తెలిసేదే కాదు. అలాగని వాళ్లకి బిడ్డను ఇవ్వకూడదని రాయలేదు. మరో రెండుసార్లు వెళ్లాను, ఆవిడతోనే మాట్లాడాను. అప్పటికే దత్తత తీసుకున్న ఒక కుటుంబాన్ని వాళ్లింటికి తీసుకెళ్లి కలిపాను. ఆ పాప ఇప్పుడు మూడో తరగతి. జడలు వేసేది నాయనమ్మే.

కాగితాలన్నీ అందాక అరవై రోజుల్లో రిపోర్టు పూర్తి చేయాలి. అది మూడేళ్లు చెల్లుతుంది. గడువు ఉంది కదా అని ఒక్క విజిట్‌తో సరిపెట్టకు.

లక్ష్మీపురం_పాప_తల్లి:
నేను దత్తత తీసుకున్న తల్లిని. అవతలి వైపు నుంచి చెప్తాను.

దత్తత కోసం పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ కేరింగ్స్‌లో రిజిస్టర్ చేసుకున్నాక మూడేళ్ల నాలుగు నెలలు ఆగాం. రెండేళ్లలోపు పాప కావాలంటే రిజిస్టర్ చేసుకునే నాటికి భార్యాభర్తల వయసులు కలిపి ఎనభై ఐదు దాటకూడదు. మాది అప్పటికే ఎనభై రెండు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. బిడ్డ ఫొటో, ఆరోగ్యం రిపోర్టు, వివరాలు. నలభై ఎనిమిది గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఆ రెండు రాత్రులూ మాకు నిద్ర లేదు.

మా ఇంటికి వచ్చిన సోషల్ వర్కర్ అడిగిన ప్రశ్న ఒకటి నేను మర్చిపోలేదు: "పాపకి నాలుగేళ్లొచ్చాక 'నేను నీ బొజ్జలోంచే వచ్చానా అమ్మా' అంటే ఏం చెప్తారు?" మావారు వెంటనే "అవునని చెప్తాం" అన్నారు. ఆవిడ కోప్పడలేదు. "చుట్టాల్లో ఎంతమందికి తెలుసు?" అని అడిగింది. లెక్కేస్తే ముప్ఫై మంది తేలారు. "ముప్ఫై మందికి తెలిసిన మాట మీ పాపకి ఒక్కదానికే తెలియకూడదంటారా?" అంది. మావారు చాలాసేపు మాట్లాడలేదు.

పాపకి మూడేళ్లు రాకముందే జోలపాటలో కలిపి చెప్పడం మొదలుపెట్టాను. కారులో వెళ్లి తెచ్చుకున్నాం, దారిలో వాన పడింది, నువ్వు నాన్న వేలు పట్టుకుని వదల్లేదు అని. ఇప్పుడు తనే "వాన కథ చెప్పు" అంటుంది. చెల్లీ, ఆ ప్రశ్న అడగడం మానకు.

ఎదురుచూపు_2021:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మేమూ రిజిస్టర్ చేసుకుని ఆగుతున్నాం. మా దూరపు చుట్టం ఒకాయన, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తెలిసిన నర్సు ఉంది, పెళ్లికాని అమ్మాయికి కాన్పు కాబోతోంది, ఖర్చులు పెట్టుకుంటే బిడ్డను మన చేతికే ఇస్తారు, బర్త్ సర్టిఫికెట్ కూడా మన పేరు మీదే వస్తుంది అంటున్నాడు. మా ఆవిడ ఏడుస్తోంది, ఒప్పుకోమని. తప్పంటారా?

కృష్ణలంక_వాసి:
బాబూ, దయచేసి ఆ దారి తొక్కకండి. అది బిడ్డను కొనడమే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 81 కింద బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బందే చేస్తే మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల వరకు. డబ్బు చేతులు మారకపోయినా, చట్టం చెప్పిన పద్ధతి కాదని బిడ్డను తీసుకుంటే సెక్షన్ 80 ఉంది.

శిక్ష అలా ఉంచండి. అలా తెచ్చుకున్న బిడ్డను రెండేళ్ల తర్వాత పోలీసులు వచ్చి తీసుకెళ్తుంటే చూశాను. మా దగ్గరికి తెచ్చినప్పుడు ఆ బాబు పెంచినావిడ మెడలో నల్లపూసలు గుప్పిట్లో పట్టుకుని వదలడం లేదు. పూసలు తెగి ఆఫీసు గచ్చంతా పడ్డాయి. ఆవిడ మంచి తల్లే. కానీ నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ అమ్మాయికి నిజంగా బిడ్డను పెంచలేని పరిస్థితే ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమనండి. పరువు పోకుండా, పేరు బయటికి రాకుండా సాయం చేస్తారు.

ఎదురుచూపు_2021:
మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. వద్దని చెప్పేశాం. ఇంకో సందేహం: చివర్లో కోర్టు చుట్టూ తిరగాలా?

డీసీపీయూ_మిత్రుడు:
అక్కర్లేదండీ. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టర్ గారే ఇస్తున్నారు.

బ్రాడీపేట_అమ్మాయి:
అక్కా, మా అమ్మ అన్న మాట మనసులోంచి పోవడం లేదు. కన్నతల్లి బిడ్డను అప్పగిస్తుంటే ఎదురుగా ఎలా కూర్చుంటాం?

కృష్ణలంక_వాసి:
కూర్చోవాలమ్మా. కన్నీళ్లు వస్తే రానీ. తొందరపెట్టకు, అంతే.

కన్నతల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు సంతకం పెట్టిన రోజు నుంచి మనసు మార్చుకోవడానికి ఆవిడకి అరవై రోజులు గడువుంటుంది. ఈలోపు బిడ్డను దత్తత కోసం ఎవరికీ చూపించం. అందుకని ఆవిడ వెనక్కి వచ్చినా నష్టపోయేవాళ్లెవరూ ఉండరు. ఈ మాట ఆవిడకి అర్థమయ్యేలా, ఒకటికి రెండుసార్లు చెప్పడం నీ పని. కాగితం మీద ఉంది కదా అని ఊరుకోకు. నొప్పుల మీద ఉన్నవాళ్లకి, బాలింతలకి కాగితం తలకెక్కదు.

పల్నాడు వైపు నుంచి ఒక అమ్మాయి, పంతొమ్మిదేళ్లు ఉంటాయి. యాభై రెండో రోజున పల్లెవెలుగు బస్సు దిగి గేటు బయట నిలబడింది. లోపలికి రాలేదు. వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. నేను వెళ్తే, "చూడొచ్చా మేడమ్, చూసి పోతా" అంది. వెంట వాళ్ల పెద్దమ్మ ఉంది, చేతిలో స్టీలు డబ్బా, దాన్లో ఉగ్గు. బిడ్డను ఎత్తుకున్నాక ఆ పిల్ల మరి దించలేదు. కమిటీ ముందు హాజరుపరిచి, పెద్దమ్మ ఇంటి పరిస్థితి చూసి, బిడ్డను తల్లికే ఇచ్చేశాం. మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పు. బిడ్డను తల్లి దగ్గరే ఉంచగలిగితే అదే మొదటి పని. దత్తత ఆ తర్వాతి మాట.

రైలు_పాప:
ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించాను. నాకు ఇరవై ఏడేళ్లు. నన్ను దత్తత తీసుకున్నారు. అమ్మానాన్న బంగారం లాంటివాళ్లు, పన్నెండో ఏట నాకు చెప్పారు.

మూడేళ్ల క్రితం వాళ్లతోనే కలిసి నా ఫైలు చూడ్డానికి వెళ్లాను. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఫైల్లో నా గురించి రెండే వాక్యాలు. "విజయవాడ రైల్వే స్టేషన్‌లో దొరికిన ఆడశిశువు. ఆరోగ్యం బాగుంది." మిగతావన్నీ స్టాంపులు, సంతకాలు.

ఏ ప్లాట్‌ఫామ్? పొద్దునా, రాత్రా? ఏడుస్తున్నానా, నిద్రపోతున్నానా? ఒంటి మీద బట్ట ఉందా? ముందుగా ఎవరు చూశారు? నేను కన్నతల్లి అడ్రసు అడగలేదు. నా మొదటి రోజు ఎలా ఉందో తెలిస్తే చాలనుకున్నాను. విజయవాడ స్టేషన్‌లో పది ప్లాట్‌ఫామ్‌లున్నాయి. ఆ రోజు పదింటి మీదా నిలబడి వచ్చాను.

ఫైల్లో ఏం రాయాలి అని అడిగారు కదా. దయచేసి రాయండి. మీకు చిన్న విషయం అనిపించినా రాయండి.

కృష్ణలంక_వాసి:
తల్లీ, నీ ఫైలు నేను రాసింది కాదు. కానీ మొదటి మూడేళ్లు నేనూ అచ్చం అలాగే రాశాను. బిడ్డను ఇరవై నాలుగు గంటల్లో కమిటీ ముందు పెట్టాలి, పేపర్లో ఫొటోతో ప్రకటన ఇవ్వాలి, పోలీసు రిపోర్టు కోసం తిరగాలి. రెండేళ్లలోపు బిడ్డయితే రెండు నెలల్లో కమిటీ దత్తతకి అర్హత ఉన్నట్టు ప్రకటించాలి. ఆ హడావిడిలో ఫైలంటే ఆఫీసు కోసమే అనుకున్నాను. అది ఇరవై ఏళ్ల తర్వాత ఒక మనిషి చదువుకునే పుస్తకమని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక అబ్బాయి వచ్చి నీలాగే అడిగాడు. అది నేను రాసిన ఫైలు కాదు, కానీ నేను రాసేవీ అలాగే ఉన్నాయి. తలెత్తి అతని మొహం చూడలేకపోయాను.

అప్పటి నుంచి ఒక తెల్లకాగితం వేరుగా పెడుతున్నాను. ఎవరు చూశారు, ఏమన్నారు, బిడ్డ ఒంటి మీద ఏముంది, ఆ రోజు ఎండా వానా. కన్నతల్లి ఎదురుగా ఉంటే "బిడ్డకి ఏమైనా చెప్పమంటావా" అని అడుగుతాను. ఇష్టపడితే ఆవిడ మాటల్లోనే రాస్తాను. ఆవిడ తన పేరు వద్దంటే, ఆవిడ ఒప్పుకోనిదే ఆ పేరు ఎవరికీ చెప్పం. కానీ ఆవిడ అన్న మాట బిడ్డది.

రిటైరైన_ఆయా: (మా మనవడు టైపు చేస్తున్నాడు)
నేను పద్దెనిమిదేళ్లు పిల్లల్ని సాకాను. కొత్తగా చేరే అమ్మాయికి ఒక మాట. బిడ్డను పంపేటప్పుడు కొత్త బట్టలు వేసి, తలకి నూనె రాసి, పౌడరు పూసి పంపుతారు. బిడ్డకి ఆ వాసన కొత్త, ఎత్తుకున్న మనిషి కొత్త. దారంతా ఏడుస్తుంది. నా పాత చీర ముక్క, ఉతకనిది, కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని. కొత్త తల్లికి చెప్పేదాన్ని, వారం పాటు ఇది పక్కలో వేయమ్మా, ఉతక్కు అని. ఒకావిడ రెండేళ్ల తర్వాత పాపతో వచ్చింది, ఆ ముక్క ఇంకా పాప చేతిలోనే ఉంది.

కొత్తపేట_నాన్న:
మాది పెద్ద బాబు దత్తత, వచ్చేనాటికి ఏడేళ్లు. చంటిబిడ్డల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మొదటి నెలంతా వాడు చపాతీలు దిండు కింద దాచేవాడు. చీమలు పట్టేవి. నేను ఒకసారి గట్టిగా అరిచాను, వాడు రెండు రోజులు మాట్లాడలేదు. ఫాలో-అప్‌కి వచ్చిన మేడమ్‌కి చెప్పుకుని బాధపడ్డాను. "వాడి పేరు రాసి ఒక డబ్బా ఇవ్వండి, అందులో ఎప్పుడూ బిస్కెట్లు ఉండేలా చూడండి, ఖాళీ కానివ్వకండి" అంది. నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు ఆ డబ్బాలో బిస్కెట్ల బదులు గోళీలు కనిపించాయి. ఆరు నెలలకోసారి, రెండేళ్ల పాటు వచ్చింది ఆ మేడమ్. అవి మొక్కుబడి విజిట్లు అయ్యుంటే మేము బాబుని వెనక్కి పంపేవాళ్లమేమో. ఈ మాట రాయడానికి చెయ్యి వణుకుతోంది, కానీ నిజం.

బ్రాడీపేట_అమ్మాయి:
చేరి నలభై రోజులైంది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ముందే రాద్దామనుకున్నా కుదరలేదు.

పోయిన వారం ఒక బిడ్డ వచ్చింది. ఊరు, తేదీ ఇక్కడ రాయను. పుట్టి రెండు రోజులై ఉంటుందన్నారు డాక్టరు గారు. ఆయాలు స్నానానికి వేడినీళ్లు తోడుతున్నారు. రైలు_పాప గారి మాటలు గుర్తొచ్చి, ఒక్క నిమిషం ఆగమన్నాను. తెల్లకాగితం తీసుకుని పక్కన కూర్చుని పొత్తిళ్లు విప్పుతూ రాసుకున్నాను. మెత్తగా నలిగిన నీలం నూలు చీరలో చుట్టారు. రెండు మడతలు, తల దగ్గర మూడోది. బొడ్డు దగ్గర దారం శుభ్రంగా ఉంది. ముందుగా చూసినాయన పూలు అమ్ముతాడు, "నిద్రపోతోందమ్మా, లేపలేదు" అన్నాడు. ఆ మాటా రాశాను.

ఎడమ అరికాల్లో కాటుకతో దిష్టిచుక్క ఉంది. గుండ్రంగా, చెదరకుండా. స్నానం చేయించాక పోయింది.