డెలివరీ డ్రైవర్ల ప్రామాణిక సమయంలో లిఫ్ట్ ఎదురుచూపును ఎలా లెక్కించాలి?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు ఎక్కువున్న రూట్లకు ప్రామాణిక సమయం (ఒక పనికి డ్రైవర్‌కు న్యాయంగా ఇవ్వాల్సిన సమయం) తేల్చడానికి స్టాప్‌వాచ్‌తో టైమ్ స్టడీ చేస్తున్నాం. అనుభవమున్నవారు దారి చూపండి.

స్టాప్‌ను, అంటే డెలివరీకి ఆగిన చోట చేసే పనిని, ముక్కలుగా విడగొట్టాం: బండి ఆపడం, పార్సిల్ వెతకడం, గేటు ఎంట్రీ, లిఫ్ట్, తలుపు దాకా నడక, ఓటీపీ, డబ్బు వసూలు, తిరిగి రావడం. ఉదాహరణకు వెతకడానికి 50 సెకన్లు, రేటింగ్ (మామూలు వేగం 100 అనుకుంటే డ్రైవర్ పనిచేసిన వేగం) 90 అయితే సాధారణ సమయం 45; 12 శాతం అలవెన్స్ (విశ్రాంతికి, సొంత అవసరాలకు ఇచ్చే అదనపు సమయం) కలిపితే 50.4 సెకన్లు. క్యాష్ ఆన్ డెలివరీ మూడు స్టాప్‌లకు ఒకటి వస్తే, ఆ సమయంలో మూడో వంతే ప్రతి స్టాప్‌కీ వేస్తాం. ఇంతవరకు ఇబ్బంది లేదు.

లెక్క చెడేది లిఫ్ట్ దగ్గరే. ఆ ఎదురుచూపు డ్రైవర్ చేతిలో లేదు, కాబట్టి దానికి రేటింగ్ వేయం. మీడియన్ (కొలతల్ని వరుసలో పెడితే నడుమ వచ్చేది) తీసుకుంటే పెద్ద ఎదురుచూపులు లెక్కలోంచి జారిపోయి ఆ భారం డ్రైవర్ మీదే పడుతుంది, ఇది అన్యాయం. సగటు తీసుకుందామంటే కొలతలు బాగా చెదిరి ఉన్నాయి. ప్రామాణిక విచలనం (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) సగటులో 80 శాతం ఉంటే, 95 శాతం నమ్మకంతో 5 శాతం లోపు తేడా రావడానికి మామూలు సూత్రం 1,024 కొలతలు అడుగుతుంది!

దీనికి వర్క్ శాంప్లింగ్ (అనుకోని వేళల్లో చూసి, ఏ పనికి ఎంత వాటా సమయం పోతోందో అంచనా కట్టడం) మేలా? ఉదయానికీ సాయంత్రానికీ, అంతస్తుల సంఖ్యను బట్టీ వేర్వేరు విలువలు పెట్టాలా? ఒకే బిల్డింగ్‌లో నాలుగు ఫ్లాట్లకు ఇవ్వాల్సి ఉంటే గేటు సమయాన్ని ఎలా పంచుతారు?

ఇంకొకటి. ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) అలవెన్స్ పట్టికలో మగవారికి వ్యక్తిగత అవసరాలకు 5, మూల అలసటకు (ఏ పనిలోనైనా తప్పని అలసటకు) 4 శాతం ఉన్నాయి. మే నెల ఎండలో మెట్లెక్కే పనికి దీనిపైన ఎంత కలుపుతున్నారు?