ఊరు బేస్ చుట్టూ పెరిగిందా, బేస్ వచ్చి ఊరి మీద కూర్చుందా? గినోవాన్ మీద చర్చ

కొండగాలి:
ఈ వాదన ఒక వాట్సాప్ గ్రూపులో సగంలో ఆగిపోయింది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. జపాన్ దక్షిణాన ఒకినావా దీవిలో గినోవాన్ అనే నగరం ఉంది. జనాభా లక్ష దాకా. ఊరి నడిమధ్యలో అమెరికన్ మెరైన్ల ఫుతెన్మా వైమానిక స్థావరం. సుమారు 476 హెక్టార్లు, అంటే నగరంలో దాదాపు నాలుగో వంతు. మ్యాప్‌లో చూస్తే ఊరంతా గారె, బేస్ దాని మధ్య చిల్లు. ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే ఫైరింజనైనా చుట్టు తిరగాల్సిందే.

నా మాట ఇది: పెరిగే నగరానికి ఇలాంటి స్థావరం ఇచ్చేదానికన్నా తీసుకునేదే ఎక్కువ. అద్దెలు, ఉద్యోగాలు అన్నీ కలిపి లెక్కేసినా సరే. కాదనేవాళ్లు చెప్పండి.

రన్‌వే_తొమ్మిది:
నేను కాదంటాను. బేస్ 1945లో వచ్చింది. నగరం ఆ తరవాత పెరిగింది. కంచెకు ఆనుకుని ఇళ్లు కట్టుకున్నారు, బడి కూడా కట్టారు. ఇప్పుడు మోత భరించలేకపోతున్నాం అంటే ఏం చెప్పాలి? భూమి యజమానులకు ఏటా అద్దె ముడుతోంది, అదీ జపాన్ ప్రభుత్వమే కడుతోంది. తైవాన్ పక్కనే ఉంది, చైనా సంగతి మీకు తెలియంది కాదు. సైన్యం ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ.

కొండగాలి:
"బేస్ ముందు, ఊరు తరవాత" అనేది అక్కడ బాగా తిరిగే మాటే. కానీ ఆ నేల ఖాళీగా లేదు. యుద్ధానికి ముందు అక్కడ పల్లెలు, పొలాలు, గ్రామ కార్యాలయం, బారులు తీరిన పైన్ చెట్ల దారి ఉండేవి. దాదాపు 9 వేల మంది బతికిన చోటు. 1945 యుద్ధంలో అమెరికన్ సైన్యం దీవిలో దిగింది, మిగిలిన జనాన్ని శిబిరాల్లో పెట్టింది. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఇళ్లున్న చోట రన్‌వే ఉంది. సొంత భూమికి దగ్గరగా ఉండాలని కంచె పక్కనే ఇళ్లు వేసుకున్నారు. చవగ్గా ప్లాటు దొరికిందని వచ్చి చేరిన జనం కాదు.

యుద్ధం అయ్యాక కూడా ఇది ఆగలేదు. 1955లో అదే గినోవాన్‌లో ఇసహామా అనే చోట వరి పొలాలను సైనికుల కాపలాతో, బుల్‌డోజర్లతో లాక్కున్నారు. ఆ కుటుంబాల్లో కొన్ని చివరికి బ్రెజిల్ వలస పోయాయి.

టోక్యోలో_మనవాడు:
ఇక్కడ పని చేస్తున్నాను, సెలవుల్లో ఒకినావా వెళ్లాను. కకజు కొండ మీది పార్కులో వ్యూ టవర్ ఎక్కితే రన్‌వే మొత్తం కనిపిస్తుంది. దాని అంచు దాకా అపార్ట్‌మెంట్లే. ఓస్ప్రే (హెలికాప్టర్‌లా నిలువునా లేచే సైనిక విమానం) తల మీదుగా పోతే పక్కనున్న మనిషితో మాట్లాడటం అనవసరం, వినపడదు.

రన్‌వే గారూ, అద్దె సంగతి నిజమే. అయితే ఆ భూములు ఇప్పుడు పెట్టుబడి సరుకు అయిపోయాయి. ఏడాది అద్దెకు ఇన్ని రెట్లు అని ధర కట్టి అమ్ముతారు. కొనేవాళ్లలో ఒకినావాతో సంబంధం లేనివాళ్లూ ఉంటారు. ప్రభుత్వమే అద్దెదారు కాబట్టి బాకీ పడదు. కాబట్టి "యజమానులు సంతోషంగా ఉన్నారు" అంటే అందులో ఏ యజమాని అని అడగాలి.

లెక్కలపద్దు:
డబ్బు విషయానికి వద్దాం. 1972లో అమెరికా పాలన ముగిసి ఒకినావా మళ్లీ జపాన్ చేతికి వచ్చినప్పుడు దీవుల ఆదాయంలో బేస్‌ల వాటా సుమారు 15 శాతం. ఇప్పుడు 5, 6 శాతం దగ్గర ఉంది. బేస్‌లు పోతే అడుక్కుతినాలి అనే మాట అప్పట్లో చెల్లింది, ఇప్పుడు చెల్లదు.

నాహా నగరంలో అమెరికన్ సైనికుల ఇళ్ల కాలనీ ఒకటి 1987 నాటికి పూర్తిగా తిరిగి ఇచ్చేశారు. అదే నేటి ఒమోరోమాచి: మాల్, మ్యూజియం, ఆఫీసులు. ఒకినావా ప్రభుత్వం లెక్కలో అక్కడ ఉద్యోగాలు 168 నుంచి 15 వేలు దాటాయి. చతాన్‌లో చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉన్నచోట ఇప్పుడు పర్యాటకులు కిటకిటలాడుతున్నారు.

రన్‌వే_తొమ్మిది:
ఆ లెక్కలో ఉన్న మెలిక చెప్పరేం? ఒమోరోమాచి మాల్‌లో ఖర్చయిన యెన్‌లో కొంత పాత బజారులో ఖర్చు కావాల్సిందే. దాన్నీ కొత్త సంపద అని రాసుకుంటే ఎలా? పైగా 1987లో భూమి వస్తే ఊరుగా మారడానికి పదేళ్లు పైనే పట్టింది. అన్నాళ్లూ గడ్డి పెరిగింది. ఇప్పుడు 476 హెక్టార్లు ఒక్కసారిగా వస్తే అన్ని మాల్స్ ఎవరు నింపుతారు?

ఫిలిప్పీన్స్‌లో అమెరికన్ల క్లార్క్ వైమానిక స్థావరం చూడండి. 1991లో పక్కనున్న పినటుబో అగ్నిపర్వతం బద్దలైంది, అక్కడి సెనేట్ అమెరికాతో బేస్‌ల కొత్త ఒప్పందాన్ని 12-11తో కొట్టేసింది, అమెరికన్లు వెళ్లిపోయారు. వెనకాలే లూటీ జరిగింది. బేస్ పక్కనున్న ఏంజెలిస్ నగరం బార్లతో సహా కుదేలైంది.

హుస్సేన్‌సాగర్_అవతల:
ఏంజెలిస్ కుదేలైన మాట నిజం, కానీ ఇప్పుడు క్లార్క్‌లో ఫ్రీపోర్ట్, అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నాయి. కథ సగంలో ఆపకండి.

మనకు తెలియని సంగతేం కాదిది. సికింద్రాబాద్ పుట్టిందే పరాయి సైన్యం కోసం. 1798 ఒప్పందంతో కంపెనీ పటాలం నిజాం ఖర్చు మీద కూర్చుంది, 1806లో ఆ కంటోన్మెంట్‌కు సికందర్ జా పేరు పెట్టారు. తరవాత హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం డబ్బుతో బ్రిటిష్ అధికారులు నడిపిన సైన్యం) ఖర్చు బాకీ పడి 1853లో బేరార్ అప్పగించాల్సి వచ్చింది. ఊరు పెరిగింది, వ్యాపారం పెరిగింది, అందులో అబద్ధం లేదు. బిల్లు ఎవరు కట్టారన్నదే ప్రశ్న. జపాన్ కూడా కడుతూనే ఉంది.

రన్‌వే_తొమ్మిది:
నిజాం కాలం వేరు. జపాన్ ఎన్నికైన ప్రభుత్వం, సంతకం పెట్టి ఉంచుకుంది.

కొండగాలి:
సంతకం టోక్యోది, మోత గినోవాన్‌ది. జపాన్ భూభాగంలో ఒకినావా 0.6 శాతం. అమెరికన్ సైన్యం ఒక్కటే వాడుకునే స్థావరాల భూమిలో 70 శాతం అక్కడే ఉంది. ఎన్నికైన ప్రభుత్వం అంటున్నారు కాబట్టి, 2019 ప్రజాభిప్రాయ సేకరణ కూడా చూడండి. ఫుతెన్మాకు బదులుగా అదే దీవిలో హెనోకో అనే చోట సముద్రం పూడ్చి కొత్త బేస్ కట్టొద్దని ఓటేసినవాళ్లలో 70 శాతం పైగా అన్నారు. పని ఆగలేదు.

నాకు డబ్బు కన్నా పెద్ద విషయం వేరే ఉంది. 2004 ఆగస్టు 13న హెలికాప్టర్ ఒకటి ఒకినావా అంతర్జాతీయ విశ్వవిద్యాలయం భవనం మీద కూలింది. ప్రాణాలు పోలేదు, అదృష్టం. అది బేస్ బయట, మామూలు కాలేజీ ఆవరణ. అయినా అమెరికన్ సైనికులు చుట్టూ అడ్డం నిలబడి జపాన్ పోలీసులనే దర్యాప్తుకు రానివ్వలేదు. 2017లో ఇంకో హెలికాప్టర్ కిటికీ ఊడి బడి మైదానంలో పడింది, పిల్లలు డ్రిల్ చేస్తుండగా. ఆ తరవాత విమానం దగ్గరికొస్తే ఆట ఆపి పక్కకు పరిగెత్తడం, అదీ వందలసార్లు. కోర్టుకు పోతే మోతకు పరిహారం ఇప్పిస్తారు, ఎగరడం ఆపమని మాత్రం చెప్పరు. సొంత ఊళ్లో నాలుగో వంతు మీద మేయర్‌కు నోరు లేదు. దీన్ని ఏ అద్దె పూడుస్తుంది?

టోక్యోలో_మనవాడు:
ఒక్క మాట. గినోవాన్‌లో అందరూ ఒకే గొంతు కాదు. ఫుతెన్మాను అయిదు నుంచి ఏడేళ్లలో తిరిగి ఇస్తామని 1996లో అన్నారు. ముప్పై ఏళ్లు కావస్తోంది. హెనోకో అయినా సరే, మా తల మీద నుంచి ఎలాగోలా పోతే చాలు అనేవాళ్లు ఉన్నారు. మేయర్ ఎన్నికల్లో అటువైపువాళ్లు గెలుస్తూనే ఉన్నారు. వాళ్లను అమ్ముడుపోయినవాళ్లు అనడం నాకు నచ్చదు.

లెక్కలపద్దు:
అనక్కర్లేదు. కానీ హెనోకో సముద్రం అడుగున నేల మెత్తన, వేల సంఖ్యలో ఇసుక స్తంభాలు దింపాలి. 2030ల మధ్యకు ముందు అది పూర్తవదు. అంటే "ఎలాగోలా" అనేది కూడా ఇంకో పదేళ్ల మాట.

రన్‌వే_తొమ్మిది:
సరే, ఒక ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబు చెప్పండి. భూమి తిరిగొచ్చిన రోజున శుభ్రం చేసే ఖర్చు ఎవరిది?

లెక్కలపద్దు:
జపాన్‌దే. జపాన్‌లో అమెరికన్ బలగాల హోదా గురించి రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం నాలుగో అధికరణ ప్రకారం అమెరికాకు భూమిని పూర్వస్థితికి తెచ్చే బాధ్యత లేదు. పశ్చిమ ఫుతెన్మాలో సైనిక కుటుంబాల కాలనీ 2015లో తిరిగొస్తే శుభ్రం చేసింది జపానే. ఇప్పుడు అక్కడ ర్యూక్యూ విశ్వవిద్యాలయ ఆసుపత్రి నడుస్తోంది.

ఫుతెన్మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్‌లో మంటలార్పే నురగ 2 లక్షల లీటర్లకు పైగా కారిపోయి, ఊళ్లో గాలికి తేలుతూ పోయింది. అందులో ఉండే రసాయనాలు తేలిగ్గా పోయేవి కావు. బేస్ కింద సున్నపురాయి, వాన నీరు ఇంకి కింద ఓయామాలో ఊటలుగా వస్తుంది. ఆ నీటితోనే అక్కడ చామ సాగు. ఊటల్లో ఆ రసాయనాలు తేలాయి. కంచె లోపలికి వచ్చి పరీక్ష చేస్తామని ఒకినావా అధికారులు అడుగుతూనే ఉన్నారు, రానివ్వడం లేదు. నేలలో ఎంత ఉందో కొలవకుండా ఖర్చు ఎంతని చెప్పమంటారు?