స్లైడ్‌షో ఎక్స్‌పోర్ట్ చేశాక సౌండ్ 12 డెసిబెల్స్ (డీబీ) తగ్గుతోంది, ఎక్కడ చూడాలి?

ఓణీల ఫంక్షన్ ఫొటోలు 120, ఒక్కోటి 5 సెకన్లు, వెనక నాదస్వరం ఎంపీ3. ఎడిటింగ్‌లో ప్లే చేస్తే సౌండ్ బాగానే ఉంది. ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేసి టీవీలో పెడితే రిమోట్‌లో వాల్యూమ్ 60 దాటితే గానీ వినపడట్లేదు.

చెవిని నమ్మకుండా ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ కొలిచాను. అసలు పాట పీక్ (సౌండ్ గరిష్ఠ స్థాయి) -1 డీబీ, ఎక్స్‌పోర్ట్ అయినదాంట్లో -13. సరిగ్గా 12 తేడా. స్లైడర్ 50 శాతంలో ఉంటే తగ్గేది 6 డీబీ. కాబట్టి ఎక్కడో రెండు చోట్ల సగం సగం అవుతోందని నా అనుమానం. ట్రాక్ స్లైడర్, ఆ పాట క్లిప్ స్లైడర్ రెండూ 100లోనే ఉన్నాయి. ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ చెరో 3 సెకన్లే, మధ్యలో కూడా సౌండ్ అంతే తక్కువ. ఎంపీ3 బదులు 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ పెట్టినా అదే తంతు.

వ్యాఖ్యానం వాయిస్ ట్రాక్ ఒకటి ఖాళీగా ఉంది. మాట వచ్చినప్పుడు పాటను తగ్గించే డకింగ్, ట్రాక్ ఖాళీగా ఉన్నా పనిచేస్తుందా? ప్రాజెక్ట్ మొత్తానికి వేరే మాస్టర్ వాల్యూమ్ మామూలుగా ఏ మెనూలో ఉంటుంది?

విండోస్ మిక్సర్ చూడమని దయచేసి చెప్పకండి, అది స్పీకర్‌కే గానీ ఫైల్‌కి తగలదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ టూల్‌తో వీడియో కదపకుండా ఆడియో 12 డీబీ పెంచుకోవచ్చు, కానీ ప్రతి ఫైల్‌కీ ఆ పని ఎందుకు? జబ్బు ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.