హవాయి పోస్టింగ్: టెక్సాస్‌లో కొన్న తుపాకులు వెంట తీసుకెళ్లొచ్చా?

ఎల్‌పాసో_సైనికుడు:
టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్ ఆర్మీ స్థావరం నుంచి హవాయిలో స్కోఫీల్డ్ బ్యారక్స్ స్థావరానికి బదిలీ అయింది. నా దగ్గర రెండు రైఫిళ్లు, ఒక షాట్‌గన్, ఒక గ్లాక్ 17 పిస్టల్ ఉన్నాయి. టెక్సాస్‌లో వీటికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు, హవాయిలో మాత్రం రూల్స్ చాలా గట్టివట. భార్యతో పోస్టు (ఆర్మీ స్థావరం) లోపలి క్వార్టర్స్‌లో ఉండబోతున్నాం. తీసుకెళ్లాలా, ఇక్కడే అన్నయ్య దగ్గర ఉంచాలా?

పాత_సార్జంట్:
తీసుకెళ్లొచ్చు తమ్ముడూ. కాకపోతే 5 రోజుల్లో హొనలూలూ పోలీసుల దగ్గర ప్రతి తుపాకీ రిజిస్టర్ చేయించాలి. నువ్వు ముందు దిగి సామాను తర్వాత వస్తే, అది వచ్చిన రోజు నుంచి లెక్క. పోస్టులో ప్రోవోస్ట్ మార్షల్ ఆఫీసులోనూ (మిలిటరీ పోలీసు ఆఫీసు) నమోదు ఉంటుంది. ప్యాకర్లు వచ్చినప్పుడు మేక్, మోడల్, సీరియల్ నంబరు లిస్టులో రాయించు. సంతకం పెట్టేముందు ఆ నంబరు తుపాకీ మీద ఉన్నదానితో అంకె అంకె సరిచూసుకో. తూటాలు వాళ్లు తీసుకోరు. గ్లాక్‌తో వచ్చిన 17 రౌండ్ల (తూటాల) మ్యాగజైన్లు, అంటే తూటాలు నింపే డబ్బాలు, మాత్రం తీసుకెళ్లకు. హవాయిలో పిస్టల్ మ్యాగజైన్ 10 రౌండ్లు దాటకూడదు.

గోదావరి_బ్రో:
విమానంలో ఒప్పుకుంటారా అసలు?

రాజ్యాంగం_ఫస్ట్:
మ్యాగజైన్లు ఎందుకు వదిలెయ్యాలి? 1986 ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీతో రాష్ట్రాలు దాటే హక్కుంది. పైగా స్కోఫీల్డ్ ఫెడరల్ భూమి. హవాయి చట్టం గేటు దాకానే.

పాత_సార్జంట్:
రెండూ తప్పే. ఆ చట్టం కాపాడేది ప్రయాణంలో మాత్రమే, అదీ బయల్దేరిన చోటా, చేరే చోటా నీ దగ్గర ఉండటం చట్టబద్ధమైతేనే. యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తూ న్యూజెర్సీలోని నెవార్క్‌లో కనెక్షన్ ఫ్లైట్ తప్పిపోయి, తుపాకీ ఉన్న బ్యాగు తీసుకుని హోటల్లో పడుకున్న మనిషిని మర్నాడు ఎయిర్‌పోర్టులో అరెస్టు చేశారు. రెవెల్ కేసు అంటారు. 2010లో అప్పీల్ కోర్టు కూడా ఆ చట్టం అతనికి వర్తించదనే చెప్పింది. ఇక ఫెడరల్ భూమి సంగతి: అక్కడ రాష్ట్ర నేరాలను ఫెడరల్ నేరాలుగా చూసే చట్టం వేరే ఉంది.
గోదావరి, ఒప్పుకుంటారు. లోడ్ తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ చెయ్యాలి.

రాజ్యాంగం_ఫస్ట్:
రేకు డబ్బాలో ఒక స్ప్రింగు! దానికి కేసా? మా గ్యాస్ స్టేషన్‌లో రాత్రిపూట దోపిడీ జరిగింది, పోలీసులు వచ్చేసరికి వాళ్లు ఊరు దాటేశారు. దేశం ఎం4 రైఫిల్ చేతిలో పెట్టి యుద్ధానికి పంపిన మనిషి, సొంత తుపాకీ కోసం స్టేషన్‌కెళ్లి వేలిముద్రలు వెయ్యాలా? మీకు సర్వీసంతా తల ఊపడం అలవాటైపోయింది సార్జంట్ గారూ.

పాత_సార్జంట్:
మాట జారకండి. అతను అడిగింది చట్టం ఏమిటని, నేను చెప్పింది చట్టం. మీ దోపిడీకీ అతని బదిలీకీ సంబంధం ఏమిటి?

కడప_కోడలు:
ఇద్దరూ కాస్త ఆగండి. మావారూ ఆర్మీయే. విదేశం నుంచి తిరిగొచ్చాక ఆయన టీమ్‌మేట్ ఒకడు ముభావంగా ఉండేవాడు. ఇంట్లో పిస్టల్ ఉందని యూనిట్‌లో ఎవరికీ తెలీదు. వాళ్లావిడ పుట్టింటికెళ్లిన వారంలో ప్రాణం తీసుకున్నాడు. సైన్యంలో ఆత్మహత్యలు ఎక్కువ శాతం తుపాకీతోనే. ఎవరింట్లో ఏముందో పోస్టుకి తెలిసుంటే ఎవరో ఒకరు వెళ్లి అడిగేవారని నాకిప్పటికీ అనిపిస్తుంది.

రాజ్యాంగం_ఫస్ట్:
చాలా బాధాకరం అమ్మా. కానీ నా భయమూ అదే. లిస్టు కమాండర్ చేతిలో ఉందంటే, నిద్రపట్టడం లేదని డాక్టర్‌కి చెప్పడానికి కూడా సైనికుడు జంకుతాడు. చెబితే తుపాకులు పోతాయనీ, ప్రమోషన్ పోతుందనీ. అప్పుడు తుపాకీతో పాటు బాధ కూడా దాచుకుంటాడు.

కడప_కోడలు:
దాచుకునేలా చేస్తున్నది లిస్టు కాదండీ, ఆ ప్రమోషన్ భయం. దాని మీద పోరాడండి, నేనూ వస్తాను.

పాత_సార్జంట్:
బ్యారక్స్ గదుల్లో ఉండేవాళ్ల తుపాకులు ఎలాగూ యూనిట్ ఆర్మ్స్ రూమ్‌లోనే (ఆయుధాలు తాళం వేసి ఉంచే గది) ఉంటాయి. అందుకని ఎవరి ప్రమోషనూ ఆగలేదు.

రాజ్యాంగం_ఫస్ట్:
మీరు చూసినంతలో ఆగలేదేమో.

ఎల్‌పాసో_సైనికుడు:
గ్లాక్, మ్యాగజైన్లు అన్నయ్య దగ్గర ఉంచుతున్నా. మిగతావి సామానుతో పంపుతా. ఒక్క డౌటు: క్వార్టర్స్‌లో ఉంటూ కూడా ఆర్మ్స్ రూమ్‌లో పెట్టమని అడగొచ్చా? ఇది చదివాక మా ఆవిడ అదే అంటోంది.

పాత_సార్జంట్:
అడుగు. వెళ్లగానే ఆ గది చూసుకునే యూనిట్ ఆర్మరర్‌తో మాట్లాడు. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాల్సొస్తే కమాండర్ అనుమతి ముందే తీసుకో.

రాజ్యాంగం_ఫస్ట్:
మ్యాగజైన్ విషయం మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.